ఇనుప ముఖం, ఇటుక ఒళ్లు, కాగితంలో ప్రాణం: సోహో లాఫ్ట్ ఇంటి కథ విప్పి చూస్తే

మన ఇళ్లలో లాఫ్ట్ అంటే అటక. పెళ్లినాటి ఇత్తడి బిందెలు, బొమ్మల కొలువు పెట్టె, చక్రం ఊడిన సూట్‌కేసు పడుండే చోటు. మన్‌హట్టన్‌లో అదే మాటకు అర్థం వేరు. వీధి గోడ నుంచి పెరటి గోడ దాకా అడ్డుగోడ లేకుండా సాగిన పాత కార్ఖానా అంతస్తును అక్కడ లాఫ్ట్ అంటారు. న్యూజెర్సీ నుంచి రోజూ రైలెక్కి మన్‌హట్టన్‌కు వచ్చే తెలుగువాళ్లు ఇళ్ల ప్రకటనలు చూస్తూ చూస్తూ "ప్రీవార్ లాఫ్ట్, పూర్తిగా రెనొవేట్ చేసినది, సోహో" అన్న దగ్గర ఆగుతారు. ఫొటోలో పోత ఇనుప స్తంభాలు, ఎర్ర ఇటుక గోడ, మనిషికి రెండింతలుండే కిటికీలు కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాల్లో "జేఎల్‌డబ్ల్యూక్యూఏ", "ఏఐఆర్ తప్పనిసరి", "కో-ఆప్" అని ఉంటుంది. అసలు కథంతా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

ముందు పేరు సంగతి. సోహో అంటే హౌస్టన్ వీధికి దక్షిణం. స్పెల్లింగు టెక్సాస్ నగరానిదే అయినా న్యూయార్క్‌లో దాన్ని "హ్యూస్టన్" అనరు, "హౌస్టన్" అంటారు.

ప్రీవార్ అంటే ఏ యుద్ధానికి ముందు?

న్యూయార్క్ బ్రోకర్ల భాషలో యుద్ధం అంటే రెండో ప్రపంచ యుద్ధం. కాబట్టి మామూలుగా 1940 లోపు కట్టినదంతా ప్రీవార్. ఆ మాట వినగానే అక్కడివాళ్లకు 1900-1940 మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లు గుర్తొస్తాయి. మందపాటి గోడలు, ప్లాస్టరు నగిషీలు, తలుపున్న వంటగది, పనిమనిషికి చిన్న గది. అవి పుట్టుకతోనే ఇళ్లు.

సోహో భవనాలు వాటికి తాతలు. చాలావరకు 1850ల నుంచి 1890ల లోపు లేచినవి, అదీ ఇళ్లుగా కాదు. బట్టల గోదాములు, టోపీలు, లేసులు కుట్టే కార్ఖానాలు, టోకు దుకాణాలు. బ్రాడ్‌వే, బ్రూమ్ వీధులు కలిసే మూలన ఉన్న హావౌట్ భవనం 1857 నాటిది. అంటే అమెరికా అంతర్యుద్ధం కన్నా కూడా ముందుది. పింగాణీ, గాజు సామాను అమ్మిన ఆ దుకాణంలోనే ఓటిస్ తన తొలి ప్రయాణికుల లిఫ్టు పెట్టాడు. ఇలాంటి భవనాన్ని ప్రీవార్ అంటే అబద్ధమేమీ కాదు కానీ, ఆ మాట వయసు తప్ప ఇంకేమీ చెప్పదు. ఇల్లుగా కట్టారా, తర్వాత ఇల్లుగా మార్చారా, మారిస్తే చట్టం ఒప్పుకుందా అన్నవే అసలు ప్రశ్నలు.

ఇక "రెనొవేట్" అన్న మాటకు చట్టంలో నిర్వచనమే లేదు. వంటగదిలో కొత్త రాయి పరిచి గోడకు సున్నం కొట్టినా రెనొవేటే. కుంగిన దూలాలు సరిచేసి, పైపులూ తీగలూ మొత్తం మార్చి, నగరం దగ్గర తీసుకున్న పర్మిట్లను పని పూర్తయిందన్న ఆమోదంతో మూయించినా రెనొవేటే. ఈ రెంటి మధ్య తేడా లక్షల డాలర్లు. ఫొటోలో మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి.

గోదాములోకి బొమ్మలేసేవాళ్లు ఎందుకొచ్చారు

1950ల నాటికి ఇక్కడి కార్ఖానాలు ఒక్కటొక్కటిగా వెళ్లిపోతున్నాయి. తరచూ అంటుకునే మంటల వల్ల అగ్నిమాపకవాళ్లు ఈ ప్రాంతానికి "నరకపు వంద ఎకరాలు" అని పేరు పెట్టారు. పైగా నగరంలో పెద్ద రోడ్లూ వంతెనలూ కట్టించిన అధికారి రాబర్ట్ మోజెస్ పథకం ఒకటి నెత్తిన వేలాడుతోంది. బ్రూమ్ వీధి పొడవునా పది వరసల ఎక్స్‌ప్రెస్ వే. రేపోమాపో కూలగొడతారన్న భవనం మీద ఏ యజమానీ డబ్బు పెట్టడు. అద్దెలు పడిపోయాయి. పెద్ద కాన్వాసులకూ శిల్పాలకూ చోటు, పగటి వెలుతురు, సామాను లిఫ్టు కావలసిన కళాకారులకు అది వరమైంది. రచయిత్రి, ఉద్యమకారిణి జేన్ జేకబ్స్ లాంటివాళ్ల పోరాటం తర్వాత 1969లో ఆ రోడ్డు ఆలోచన ఆగింది. అంటే సోహోను కాపాడింది మొదట ప్రేమ కాదు, కూలగొడతారన్న భయం వల్ల వచ్చిన చౌక అద్దె.

అయితే అది తయారీ జోన్, అంటే నగరం కార్ఖానాలకని కేటాయించిన ప్రాంతం. అక్కడ కాపురముండటం నేరం. 1964లో రాష్ట్ర చట్టం కళాకారులకు చిన్న సందు ఇచ్చింది. కళాకారుడు ఉంటున్న అంతస్తు వివరం భవనం బయట "ఏ.ఐ.ఆర్." అన్న పలక మీద రాయాలి. ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్ అన్నమాట. అలంకారం కోసం కాదు, మంటలొస్తే ఏ అంతస్తులో మనుషులున్నారో ఫైరింజన్‌వాళ్లకు తెలియాలని. 1967లో కళాకారుడు జార్జ్ మాచ్యూనస్ 80 వూస్టర్ వీధిలో కళాకారుల సహకార భవనం మొదలుపెట్టాడు. 1968లో శిల్పి డొనాల్డ్ జడ్ 101 స్ప్రింగ్ వీధిలోని అయిదంతస్తుల 1870 నాటి భవనాన్ని మొత్తంగా 68,000 డాలర్లకు కొన్నాడు. అదే ఏడు పౌలా కూపర్ గ్యాలరీ తెరుచుకుంది. 1971లో నగరం జోనింగ్, అంటే ఏ ప్రాంతాన్ని దేనికి వాడొచ్చో చెప్పే నియమాలు, మార్చింది. 1973లో ఆ ప్రాంతం పోత ఇనుప చారిత్రక జిల్లా అయింది. నేటి చిక్కుముళ్లలో సగం ఈ రెండేళ్లలో పడినవే.

మన ఓసీ, వాళ్ల సీ ఆఫ్ ఓ

హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాళ్లు "ఓసీ వచ్చిందా?" అని అడుగుతారు. న్యూయార్క్‌లో దాని జోడీ సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ, వాడుకలో "సీ ఆఫ్ ఓ". మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు లాఫ్ట్ ప్రాణం ఈ కాగితంలో ఉంటుంది. ఏ అంతస్తును దేనికి వాడుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. సోహోలో ఒకే గోడల మధ్య ఒకే అంతస్తు ఆ కాగితం మీద నాలుగు రకాలుగా కనిపించవచ్చు.

మొదటిది మామూలు నివాసం. ఎవరైనా కొనొచ్చు, ఎవరైనా ఉండొచ్చు. రెండోది జేఎల్‌డబ్ల్యూక్యూఏ, అంటే కళాకారులు ఉంటూ పని కూడా చేసుకునే చోటు. 1971 జోనింగ్ తెచ్చిన ఈ తరగతి కాగితం ప్రకారం నివాసం కాదు, ఒక రకం తయారీ వాడకం. అందులో ఉండే ఇంటిలో ఒకరికైనా నగర సాంస్కృతిక శాఖ ఇచ్చిన కళాకారుడి ధ్రువపత్రం ఉండాలి. సంగీతం సరదాగా నేర్చుకుంటున్నామంటే చాలదు. కళ మీద నిబద్ధత, అంత పెద్ద చోటు ఆ పనికి ఎందుకు కావాలి అన్నవి చూపించాలి. మూడోది ఇంకా కార్ఖానా లేదా వ్యాపారం అనే రాసి ఉండి, లోపల మాత్రం మంచాలున్న చోటు. నాలుగోది కాగితమే లేనిది. సీ ఆఫ్ ఓ పద్ధతి 1938 నుంచి గట్టిగా అమలైంది కాబట్టి, అంతకు ముందు కట్టి తర్వాత వాడకం మారని భవనానికి అది లేకపోవచ్చు. కానీ కార్ఖానా ఇల్లయిందంటే వాడకం మారినట్టే. అప్పుడు "పాత భవనం కదండీ, కాగితం ఉండదు" అన్న జవాబు చెల్లదు.

వీటి మధ్యన తాత్కాలిక సర్టిఫికెట్ ఒకటుంది. దాని గడువు సాధారణంగా 90 రోజులు. గడువు దాటిన ప్రతిసారీ మళ్లీ తెచ్చుకోవాలి. ఏళ్ల తరబడి తాత్కాలికం మీదే నడిచే భవనాలూ, ఒకప్పుడు తెచ్చి వదిలేసినవీ ఉన్నాయి. కారణం తరచుగా చిన్నదే. మూడో అంతస్తులో ఎప్పుడో ఎవరో తెరిచిన ప్లంబింగ్ పర్మిట్ మూయలేదు, దాంతో భవనం మొత్తానికి తుది కాగితం రాదు. ఒకరి తప్పు అందరి మెడకు చుట్టుకుంటుంది. ఈ సంగతులన్నీ భవనాల శాఖ వెబ్‌సైటులో చిరునామా కొడితే ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి.

మరి కళాకారులు కానివాళ్లు దశాబ్దాలుగా జేఎల్‌డబ్ల్యూక్యూఏల్లో ఎలా ఉంటున్నారు? నగరం పెద్దగా తనిఖీ చేయలేదు, అంతే. కొనేటప్పుడు "సోహో లెటర్" అనే కాగితం మీద సంతకం చేసే అలవాటు వచ్చింది. ఇక్కడ ఉండటానికి కళాకారుడి ధ్రువపత్రం కావాలని తెలుసు, ఆ ఇబ్బంది వస్తే నాదే పూచీ అని కొనేవాడు రాసిస్తాడు. ఆ ఉత్తరం కో-ఆప్‌ను, అంటే భవనానికి యజమాని అయిన కంపెనీని, కాపాడుతుంది. కొన్నవాడిని కాపాడదు. చట్టం దృష్టిలో అతని స్థితి సంతకానికి ముందెలా ఉందో తర్వాతా అలాగే ఉంటుంది. అప్పు ఇచ్చే బ్యాంకులు కొన్ని ఇక్కడే వెనక్కి తగ్గుతాయి. ఇలాంటి లాఫ్టు ధర పక్క భవనంలోని మామూలు నివాసం కన్నా తక్కువుండటానికి కారణం ఇదే.

2021 మార్పు: చదరపు అడుగుకు 100 డాలర్లు

2021 డిసెంబరులో నగర కౌన్సిల్ సోహో, దానికి ఉత్తరాన ఉన్న నోహో ప్రాంతాల జోనింగ్‌ను తిరగరాసింది. కొత్త నివాసాలకు అనుమతి ఇచ్చింది, పెద్ద కొత్త కట్టడాల్లో కొంత భాగం తక్కువ ఆదాయంవాళ్లకు కేటాయించాలంది. జేఎల్‌డబ్ల్యూక్యూఏ ఉన్నవాళ్లకు ఒక దారి చూపింది. కళల నిధికి చదరపు అడుగుకు 100 డాలర్ల లెక్కన కట్టి మామూలు నివాసంగా మార్చుకోవచ్చని అప్పట్లో చెప్పింది. 2,000 చదరపు అడుగుల అంతస్తుకు ఆ లెక్కన 2,00,000 డాలర్లు. దాని మీద ఆర్కిటెక్టు, పర్మిట్లు, నివాస నియమాలకు తగ్గట్టు చేయాల్సిన పని ఖర్చు అదనం.

ఈ రుసుము మీద వాదన రెండు వైపులా బలంగానే ఉంది. కళాకారులకని ప్రత్యేకంగా, తక్కువ ధరకు ఉన్న చోటును మామూలు నివాసంగా మార్చగానే దాని విలువ పెరుగుతుంది, ఆ లాభంలో కొంత ఆ చోటుకు పేరు తెచ్చిన కళలకే పోవడం న్యాయం అని సమర్థించేవాళ్లంటారు. మేం గోడ కదిలించకుండా, కొత్తగా ఒక్కరికీ నష్టం చేయకుండా ఉన్న ఇంట్లోనే ఉంటుంటే ఇంత సొమ్ము దేనికి పరిహారం అని యజమానులంటారు. అలా అని కోర్టుకెక్కారు కూడా. వయసు మళ్లిన కళాకారుల బాధ ఇంకోటి. చేతిలో డబ్బు లేదు, ఇల్లు తప్ప ఆస్తి లేదు, అమ్మాలంటే కొనేవాడు ఆ రుసుమును ధరలోంచి కోసుకుంటాడు. ధ్రువపత్రం ఉన్నవాళ్లు మార్చుకోనక్కర్లేదు, ఉన్నట్టే ఉండొచ్చు. సమస్య వారసులకూ, అమ్ముకునేవాళ్లకూ.

జోనింగ్ మార్పు మొత్తం మీద కూడా ఇలాగే చీలిక ఉంది. ఉద్యోగాలూ సబ్‌వేలూ ఉన్న సంపన్న ప్రాంతం కొత్త ఇళ్లకు తలుపు మూసుకోకూడదన్నది ఒక వాదం. కొత్త ఎత్తుల వల్ల పాత భవనాల మీద ఒత్తిడి పెరిగి, నియంత్రిత అద్దెల్లో ఉన్న పాతవాళ్లే ముందు కదులుతారన్నది ఇంకోటి. చారిత్రక జిల్లా లోపల ప్రతి కట్టడానికీ పాత కట్టడాలను కాపాడే లాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి ఎలాగూ కావాలి కాబట్టి ఆ ఆశా, ఈ భయమూ కాగితం మీద ఉన్నంత వేగంగా నేల మీద నిజం కావు.

అద్దెకుండేవాళ్లది వేరే చట్టం

"లాఫ్ట్ లా" అన్న మాట విని పై గొడవంతా అదే అనుకుంటారు చాలామంది. కాదు. 1982 నాటి లాఫ్ట్ చట్టం అద్దెదారులది. ఒకప్పటి వ్యాపార లేదా కార్ఖానా భవనం, నివాస సీ ఆఫ్ ఓ లేదు, 1980 ఏప్రిల్ 1 నుంచి 1981 డిసెంబరు 1 మధ్య మూడు లేదా అంతకన్నా ఎక్కువ కుటుంబాలు విడివిడిగా కాపురమున్నాయి అంటే ఆ భవనం "మధ్యంతర నివాస భవనం" అవుతుంది. తర్వాత 2010లో, 2019లో కొత్త కాలపరిమితులు చేర్చి తలుపు మళ్లీ తెరిచారు. వాటి వల్ల ఎక్కువగా లాభపడింది బ్రూక్లిన్ అద్దెదారులు.

యజమాని మాట ఇది: కార్ఖానాకని ఒప్పందం రాసుకున్నాం, వీళ్లు ఉల్లంఘించి కాపురం పెట్టారు, ఇప్పుడు ఖర్చు పెట్టి చట్టబద్ధం చేయాల్సింది మేమా? అద్దెదారు జవాబు: మరుగుదొడ్డి, పంపులు, కరెంటు తీగలు మా డబ్బుతో మేమే వేసుకున్నాం, ఉంటున్నామని తెలిసే నెలనెలా అద్దె పుచ్చుకున్నారు, చోటుకు గిరాకీ రాగానే పొమ్మంటారా? చట్టం మధ్యస్థం చేసింది. అగ్ని భద్రత, వెలుతురు, గాలి నియమాలకు భవనాన్ని తెచ్చే బాధ్యత యజమానిది. ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా అద్దె కొంత పెంచుకోవచ్చు. చివరికి సీ ఆఫ్ ఓ వచ్చాక అద్దె నియంత్రణ కింద సాగుతుంది. వెళ్లిపోయే అద్దెదారు తాను చేయించిన హంగులను వచ్చేవాడికో యజమానికో అమ్ముకోవచ్చు కూడా. "ఫిక్స్చర్లు కొన్నాను" అని పాతవాళ్లు చెప్పేది ఇదే, ఇల్లు కొన్నామని కాదు.

ఇనుము ముఖానికే, ఒళ్లంతా ఇటుకా కర్రా

"కాస్ట్ ఐరన్ భవనం" అంటే మొత్తం ఇనుమని అనుకోవడం సహజం. ఇనుము వీధి వైపు ముఖానికి, లోపలి స్తంభాలకు మాత్రమే. పక్క గోడలు, వెనక గోడ ఇటుక. అంతస్తుల మధ్య అడ్డంగా ఉన్నవి కర్ర దూలాలు. ముఖం భాగాలను ఫౌండ్రీలో మూసల్లో పోసి, క్యాటలాగు చూసి ఎంచుకున్న స్తంభాలూ తోరణాలూ తెచ్చి బోల్టులతో బిగించి, రాయిలా కనిపించే రంగు పూసేవారు. వీధి వైపు మందపాటి ఇటుక గోడ అవసరం లేకపోవడంతో కిటికీలు అంత పెద్దవి పెట్టగలిగారు. లోపల కుట్టేవాళ్లకు దీపం ఖర్చు తగ్గింది.

పోత ఇనుము నొక్కుడుకు బలం, లాగుడుకు బలహీనం. వంగదు, పగులుతుంది. అసలు శత్రువు రంగు లేచిన కీళ్ల సందుల్లోంచి దిగే నీరు. లోపల బోల్టులు తుప్పు పడితే తుప్పు ఉబ్బి పైపలకను బయటికి నెడుతుంది. ఊడిన అలంకారాల స్థానంలో ఫైబర్‌గ్లాసు నకళ్లు పెట్టడం మామూలే. కంటికి తెలియదు, చిన్న అయస్కాంతానికి ఇట్టే తెలుస్తుంది. జడ్ భవనాన్ని పూర్తిగా బాగుచేసి 2013లో జనానికి తెరిచేముందు ముఖం ముక్కలను విప్పి, బాగుచేసి, తిరిగి బిగించాల్సి వచ్చింది. చారిత్రక జిల్లాలో రంగు మార్చాలన్నా, కిటికీ చట్రం మార్చాలన్నా కమిషన్ అనుమతి కావాలి. లోపలి పనికి కూడా భవనాల శాఖ పర్మిట్ అవసరమైతే "బయటికి ప్రభావం లేదు" అన్న కమిషన్ పత్రం జతచేయాలి. చాలామంది షెడ్యూల్ తప్పేది ఇక్కడే.

లోపలి ఎర్ర ఇటుక గోడ అందరికీ ఇష్టం. ఆ ఇటుక మీద మొదట్లో ప్లాస్టరు ఉండేది, చాలాచోట్ల తర్వాత గీకేశారు. పాత ఇటుక మెత్తన, మధ్యలో ఉన్నది మన డంగు సున్నం లాంటి సున్నపు ముద్ద. ఇసుక వేగంగా చిమ్మి శుభ్రం చేస్తే ఇటుక పైన కాలిన గట్టి పొర పోతుంది, ఆ తర్వాత గోడ పొడి రాలుతూనే ఉంటుంది. సందుల్లో గట్టి సిమెంటు కూరితే తేమ సున్నం గుండా కాక ఇటుక గుండా బయటికొచ్చి ఇటుక ముఖమే పెచ్చులుగా ఊడుతుంది. గోడ ఇటుక కనిపించాలా, లోపల వెచ్చదనం కోసం మళ్లీ కప్పాలా అన్నదాని మీద ఆర్కిటెక్టులు ఎప్పటికీ ఏకాభిప్రాయానికి రారు. అందం వాళ్లది, చలికాలం బిల్లు ఉండేవాళ్లది.

ఒరిగిన నేలను సిమెంటు పోసి సమం చేస్తే

నూటయాభై ఏళ్ల కర్ర దూలం మధ్యలో కుంగుతుంది. రసమట్టం పెడితే మూడంగుళాల వాలు కనిపించడం వింత కాదు. రెనొవేషన్‌లో సులువుగా తోచే మందు, పల్చటి సిమెంటు లేదా జిప్సం ముద్ద పోసి సమం చేయడం. లెక్క వేయండి. 1,500 చదరపు అడుగుల నేల, ఒక వైపు సున్నా, ఇంకో వైపు మూడు అంగుళాలు, సగటున ఒకటిన్నర అంగుళాలు. అంగుళం మందం ముద్ద చదరపు అడుగుకు సుమారు 10 పౌండ్లు తూగుతుంది. అంటే అడుగుకు 15 పౌండ్లు, మొత్తం 22,500 పౌండ్లు, పది టన్నులకు పైన. నివాసానికి నేటి నియమం కదిలే బరువు కింద చదరపు అడుగుకు 40 పౌండ్లు లెక్కగడుతుంది. అందులో మూడో వంతుకు మించిన బరువును, అప్పటికే కుంగిన దూలం మీద శాశ్వతంగా పెట్టినట్టు.

"కార్ఖానా కదా, యంత్రాలనే మోసింది" అంటారు. నిజమే, కార్ఖానా నేలల సామర్థ్యం నివాసం కన్నా చాలా ఎక్కువ. కానీ అది దూలం కొత్తగా ఉన్నప్పటి మాట. ఇటుక గోడలో దూర్చిన దూలం చివర్లే మొదట పుచ్చుతాయి, అవి కంటికి కనిపించవు. ఇంకో ముచ్చట: ఆ చివర్లను కావాలనే ఏటవాలుగా కోసేవారు. మంటల్లో దూలం విరిగి పడితే గోడను ఎత్తి పెళ్లగించకుండా జారి పడటానికి. ఎక్కువమంది ఇంజనీర్లు ముద్ద పోయడం కన్నా పక్కన కొత్త దూలం జతకట్టడమో, చీలికల్లా కోసిన కర్ర పట్టీలు వేసి పైన చెక్క పరచడమో మేలంటారు. బరువు తక్కువ, ఖర్చు ఎక్కువ, కాస్త ఎత్తు అక్కడక్కడా పోతుంది.

వాలుకు చెవికి వినిపించే సాక్ష్యం కూడా ఉంది. ఒకే గొట్టంతో నడిచే ఆవిరి రేడియేటరు, వాల్వు వైపు కాస్త వాలి ఉండాలి, చల్లబడ్డ నీరు అటు తిరిగి పోవడానికి. నేల అటువైపు కాక ఇటువైపు ఒరిగితే నీరు లోపలే నిలుస్తుంది, ఆవిరి దాన్ని తాకి సుత్తి దెబ్బల్లా మోగుతుంది. రాత్రంతా.

వెలుతురు లెక్కలో పడకగదులు ఎన్ని

సోహో స్థలం తరచుగా 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. రెండు పక్కలా పొరుగు భవనాలు. కిటికీలు ముందూ వెనకా మాత్రమే. నగర నియమం ప్రకారం మనుషులు ఉండే గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి, గాజు విస్తీర్ణం నేల విస్తీర్ణంలో కనీసం పదో వంతు. కాబట్టి 80 అడుగుల పొడవున్న అంతస్తులో వెనక గోడ మీద పక్కపక్కన రెండు పడకగదులు, ముందు భాగంలో హాలు. మధ్య నలభై అడుగుల్లో వంటగట్టు, స్నానాలగదులు, బీరువాలు. ప్రకటనలో "హోమ్ ఆఫీసు", "మీడియా రూమ్" అని ఉండే గదులు సాధారణంగా ఈ చీకటి మధ్యలోవే. మూడో పడకగదిగా వాడుకునేవాళ్లున్నారు, చట్టం మాత్రం దాన్ని పడకగదిగా లెక్కించదు.

పక్క గోడలో కిటికీ ఉంటే మరింత జాగ్రత్త. పక్క స్థలం హద్దు మీదున్న ఆ కిటికీ, అక్కడ పొరుగువాడు ఎత్తుగా కట్టిన రోజున ఇటుకలతో మూసుకుపోతుంది. ప్రకటనలో "మూడు వైపుల వెలుతురు" అన్నదాంట్లో ఒక వైపు ఇలా అప్పుగా వచ్చిన వెలుతురు కావచ్చు.

ఎత్తుంది కదా, అటక కట్టి పైన పడుకుందాం అనేవాళ్లు ఎక్కువ. చట్టం ఒప్పుకునే మెజనైన్‌కు పైనా కిందా ఏడేసి అడుగులుండాలి, నేల మందం ఎనిమిది అంగుళాలనుకుంటే మొత్తం 14 అడుగుల 8 అంగుళాలు. కింది గది విస్తీర్ణంలో మూడో వంతు మించకూడదు. 13 అడుగుల కప్పున్న లాఫ్టులో అది సామాను దాచే అటకే. చూశారా, మాట మళ్లీ మన అర్థానికే వచ్చింది.

2,000 చదరపు అడుగుల్లో నడవగలిగింది ఎంత

సూపర్ బిల్టప్‌కూ కార్పెట్ ఏరియాకూ తేడా మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడ ఆ తేడా గోడల్లో ఉంటుంది. బయట కొలత 25 అడుగులు, 80 అడుగులు అంటే 2,000. నాలుగు గోడలూ 16 అంగుళాల మందమనుకుంటే లోపలి కొలత 22 అడుగుల 4 అంగుళాలు, 77 అడుగుల 4 అంగుళాలు, అంటే సుమారు 1,727. మెట్లకూ లిఫ్టుకూ 150 తీస్తే 1,577. ధర 30 లక్షల డాలర్లు అనుకుందాం. ప్రకటన లెక్కలో అడుగు 1,500, కాలు పెట్టగలిగిన అడుగు మాత్రం 1,902. ఎవరూ మోసం చేయలేదు. కో-ఆప్‌లో చట్టబద్ధంగా నమోదైన విస్తీర్ణమంటూ ఉండదు, ఎవరు ఎక్కడ నుంచి కొలిస్తే అదే.

ఎందుకుండదంటే, కో-ఆప్‌లో ఇల్లు కొనరు. భవనం ఒక కంపెనీది. కొనేది ఆ కంపెనీ వాటాలు, వాటితో పాటు ఆ అంతస్తులో ఉండే హక్కునిచ్చే లీజు. మన ఫ్లాటుకు భూమిలో అవిభాజ్య వాటా రిజిస్టరవుతుంది, ఇక్కడ అలాంటిదేమీ కొన్నవాడి పేరున ఉండదు. బోర్డు కొనేవాడిని ఇంటర్వ్యూ చేస్తుంది, కారణం చెప్పకుండా వద్దనవచ్చు. రెనొవేషన్‌కు బోర్డుతో వేరే ఒప్పందం, డిపాజిట్, పని గంటలు. కింది ఇంటి పడకగది మీద మన స్నానాలగది రాకూడదన్న నియమం దాదాపు ప్రతి చోటా. అడుగుల చప్పుడు తగ్గడానికి నేలలో 80 శాతం తివాచీ కప్పాలన్నది కూడా.

సోహో కో-ఆప్‌లు చిన్నవి. అయిదారు కుటుంబాలు. పెద్ద భవనంలో వంద మంది పంచుకునే ఖర్చు ఇక్కడ అరచేతి వేళ్ల మీద పడుతుంది. ముఖం ఇనుము బాగుచేయడానికి 9 లక్షల డాలర్లు అవుతుందనుకోండి, ఆరు సమాన వాటాలైతే తలా లక్షా యాభై వేలు. కంపెనీ పేరున ఉన్న పాత తాకట్టు అప్పు ఎంత, నిల్వ నిధి ఎంత, కాలిబాట కింద ఉన్న పాత నేలమాళిగ ఎవరు బాగుచేయాలి అన్నవి బోర్డు సమావేశాల మినిట్స్‌లో దొరుకుతాయి. ఆ కాలిబాటలో అక్కడక్కడా గుండ్రటి గాజు బిళ్లలు పొదిగిన ఇనుప పలకలు కనిపిస్తాయి, కింది గోదాముకు వెలుతురు దిగడానికి పంతొమ్మిదో శతాబ్దంలో చేసిన ఏర్పాటు. పైనుంచి నడిచేవాళ్లకు అది ముచ్చట. నీరు కారడం మొదలైతే మరమ్మతు ఖర్చు ఆ ఆరుగురిదే.